‘ఆసారుస్సనాదీద్’ రెండు కూర్పులు: ఒక పరిశీలన

ఢిల్లీ కట్టడాలను గూర్చి ఉర్దూలో వెలువడిన గ్రంథాలలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ రచించిన ‘ఆసారుస్సనాదీద్’ది మొదటి స్థానం. 1847లో ఒకసారి, 1854లో మరొకసారి ఇది అచ్చయింది. గ్రంథకర్త ఒకరే, పేరూ ఒకటే. అందువల్ల రెండవదాన్ని మొదటిదానికి సవరించిన కూర్పుగా లెక్కించడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. కాని అవి నిజానికి రెండు వేర్వేరు గ్రంథాలని ఉర్దూ విద్వాంసులు చౌధరి మహమ్మద్ నయీం సవివరంగా చూపారు. ఆ మాట నిలిచిన తరువాత మరో ప్రశ్న మిగులుతుంది. ఒక దేశపు మసీదులను, దర్గాలను, యాత్రాస్థలాలను ఆ దేశపు వారసత్వంగా లెక్కకట్టేటప్పుడు ఏ గ్రంథం చూపిన దారి సరైనది? ఇది కేవలం గ్రంథ పరిష్కారానికి సంబంధించిన సమస్య కాదు. ఈనాడు న్యాయస్థానాలలోను, శాసనసభలలోను నలుగుతున్న వివాదాలకు మూలం కొంతవరకు ఇందులోనే ఉంది.

గ్రంథకర్త 1817లో ఢిల్లీలో జన్మించారు. కుటుంబానికి ఒకవైపు మొగల్ దర్బారుతోను, మరొకవైపు నఖ్ష్‌బందీ గురువు షా గులాం అలీ (రహ్మ) ఖాన్‌ఖాహ్‌తోను దగ్గరి సంబంధం ఉండేది. 1846లో మున్సిఫుగా ఢిల్లీకి బదిలీ అయి వచ్చిన తరువాత, తీరిక దొరికినప్పుడల్లా ఆయన నగరం వెలుపలి శిథిలాలకు వెళ్ళి కొలతలు తీసుకోవడం, శాసనాలు నకలు చేసుకోవడం మొదలుపెట్టారు. కుతుబ్ మీనారు పైఅంతస్తుల శాసనాలు కింది నుండి చదవ వీలులేక, రెండు గడల నడుమ గంప కట్టించుకుని అందులో కూర్చుని నకలు తీసుకున్నారని, ఆయన పైకి వెళ్ళినప్పుడల్లా కింద నిలిచిన మిత్రుడు మౌలానా ఇమాం బఖ్ష్ సహ్‌బాయీ ముఖం పాలిపోయేదని అల్తాఫ్ హుసేన్ హాలీ తన ‘హయాతె జావేద్’లో చెప్పారు. ఈ ముచ్చటను అందరూ రచయిత సాహసానికి ఉదాహరణగా ఎత్తి చూపుతారు. అందులో మరొక అర్థం కూడా ఉంది. రాతిమీది అక్షరం కోసం ఒకరు పైకి పోతే, పైకి పోయిన మనిషి కోసం మరొకరు కింద నిలబడి తల్లడిల్లారు. ఈ గ్రంథపు రెండు కూర్పులలోని తేడా ఇంచుమించు ఇదే.

ముందుగా గ్రంథ నామాన్ని పరిశీలించాలి. ‘సనాదీద్’ అంటే పెద్దలు, నాయకులు. అరబీ పాఠశాలలో చదివినవారికి ఈ మాట వినగానే సీరత్ గ్రంథాలలోని ఖురైషు నాయకులు స్ఫురిస్తారు. బద్ర్‌లో నేలకొరిగిన ఆ అహంకారులనే ‘సనాదీదె ఖురైష్’ అంటారు. పారసీకం చదివినవారికి ఉర్ఫీ షీరాజీ పద్యం గుర్తుకు వస్తుంది. శిథిలమైన గోడల మీది చిత్రరేఖలలో గతించిన ప్రభువుల జాడలు చూసిన భావం అందులో ఉంది. ఎటు చూసినా ఈ మాటలో గతించిన వైభవం, దానితోపాటు ఒక హెచ్చరిక ఉన్నాయి.

ఇక ‘ఆసార్’ అన్న మాట మరింత లోతైనది. ‘అసర్’ అంటే జాడ, గుర్తు. దాని బహువచనమే ఆసార్. దివ్య ఖుర్ఆన్‌లో ఈ పదం కనీసం మూడు విధాల అర్థాలతో వస్తుంది. నలభయ్యవ సూరాలో, పూర్వ జాతులు బలంలోను, భూమిమీద విడిచిన జాడలలోను మిన్న అయినప్పటికీ దైవశిక్ష నుండి తప్పించుకోలేకపోయాయన్న సందర్భంలో ఇది వస్తుంది. ఇక్కడ ఆసార్ అంటే కోటలు, మేడలు. వాటిని చూసి గుణపాఠం నేర్వాలి. ముప్ఫయ్యవ సూరాలో, వాన కురిసి చచ్చిన నేల బ్రతకడాన్ని చూపి, అల్లాహ్ కారుణ్యపు ఆసార్‌ను చూడవలసిందని ఆదేశం ఉంది. ఇక్కడ ఆసార్ అంటే బ్రతికించే శక్తి విడిచిన గుర్తు. ముప్ఫై ఆరవ సూరా యాసీన్‌లో, మనుషులు ముందుకు పంపిన కర్మలూ వారు విడిచిన ఆసార్‌లూ లిఖించబడతాయన్న మాట ఉంది. దీనికి వ్యాఖ్యాతలు బనూ సలిమా తెగవారి వృత్తాంతం చెబుతారు. వారి ఇళ్ళు మదీనా మస్జిదుకు దూరంగా ఉండేవి. దగ్గరికి మారదామని తలపెట్టినప్పుడు, ఉన్నచోటనే ఉండవలసిందని, మస్జిదుకు నడిచి వచ్చే అడుగులు లిఖించబడతాయని దైవప్రవక్త (స) వారికి చెప్పారు. ఇక్కడ ఆసార్ అంటే అడుగుజాడలు, ప్రార్థనకు నడిచిన నడక.

శిథిలం, కారుణ్యం, అడుగు. ఈ మూడు అర్థాలలో దేనిని గ్రంథకర్త పట్టుకున్నారు, దేనిని వదిలారు అన్నదే గ్రంథ విమర్శకు గీటురాయి కాదగును.

మొదటి కూర్పులో నాలుగు అధ్యాయాలున్నాయి. మొదటిది నగరం వెలుపలి కట్టడాలు. రెండవది ఎర్రకోట. మూడవది షాజహానాబాద్ నగరం. నాల్గవది ఆ నగరపు మనుషులు. సూఫీ గురువులు, మజ్జూబులు, హకీములు, ఆలిములు, ఖారీలు, హాఫిజులు, కవులు, లేఖకులు, చిత్రకారులు, సంగీత విద్వాంసులు మొదలైనవారు నూటికి పైబడి ఇందులో కనిపిస్తారు. కట్టడాల బొమ్మలు కూడా నూరు దాటి ఉన్నాయి. భాష అలంకారాలతో నిండినది. ఆ శైలి సహ్‌బాయీ చేతి చలువేనని హాలీ చెబుతారు.

ఈ కూర్పులో లోపాలు లేవని కాదు. ఒక మసీదును వర్ణించబూని, ఆ మసీదు కనబడకుండా మాటల తోరణాలు కట్టిన చోట్లున్నాయి. నిర్మాణ కాలాలు కొన్నింటికి సరిగా లేవు, కొన్నింటికి అసలే లేవు. విన్నదానికీ కన్నదానికీ, గ్రంథస్థమైనదానికీ జనం చెప్పుకునేదానికీ తేడా చూపలేదు. తరువాతి విద్వాంసులు దీనిని పక్కన పెట్టడానికి కారణాలు ఇవే. ఆ కారణాలు న్యాయమైనవేనని ఒప్పుకోవాలి.

కాని ఈ కూర్పులో ఒక గొప్ప సుగుణం ఉంది. అది నడిచే మనిషి వ్రాసిన పుస్తకం. ఒక చోటినుండి పక్క చోటికి, ఒక దర్గానుండి దాని వెనుక బావలీకి, అక్కడినుండి ఎదురుగా ఉన్న గుమ్మటానికి చదువరిని చేయిపట్టుకుని తీసుకుపోతుంది. ఎక్కడ ఏ రోజున ఉర్సు జరుగుతుంది, ఎక్కడ వసంతోత్సవం చేస్తారు, ఏ చెరువు గట్టున జనం చేరుతారు అన్న విషయాలు కట్టడంతోపాటే వస్తాయి. మహ్‌రౌలీలోని యోగమాయ ఆలయం, కాల్కా ఆలయం కూడా ఆ నగరానికి చెందినవిగానే చోటు చేసుకున్నాయి. నాల్గవ అధ్యాయం ఈ నడకకు సహజమైన ముగింపు. కట్టడాలు చూపిన తరువాత, వాటిలో కూర్చుని చదువు చెప్పేవారిని, ప్రార్థించేవారిని, పాడేవారిని చూపడం కన్న ఉచితమైన పని వేరొకటి లేదు.

1854 నాటి కూర్పు స్వభావం పూర్తిగా వేరు. మొదటి కూర్పును ఢిల్లీ కలెక్టరు ఆర్థర్ రాబర్ట్స్ లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ దృష్టికి తీసుకుపోయారు. ఆంగ్లానువాదం ప్రస్తావన వచ్చింది. నాణేల శాస్త్రంలో నిపుణుడైన ఎడ్వర్డ్ థామస్ సలహాలు కూడా అందాయి. ఫలితంగా గ్రంథం మొత్తం తిరిగి వ్రాయబడింది. భాష సూటి అయింది, చరిత్రకు తగిన ఉర్దూ వచనం ఏర్పడింది. ఢిల్లీ పాలకుల పట్టిక చేరింది. కట్టడాలు కాలక్రమంలో అమరాయి. ఆధార గ్రంథాల పేర్లు వచ్చాయి. శాసనాల ప్రతిబింబాలు చేరాయి. బొమ్మలు పోయాయి. నాల్గవ అధ్యాయం పోయింది.

ఈ రెండవ కూర్పునే గార్సాఁ ద తాసీ ఫ్రెంచిలోకి అనువదించగా 1860, 1861 సంవత్సరాలలో అది వెలువడింది. 1864లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ గ్రంథకర్తకు గౌరవ సభ్యత్వం ఇచ్చింది. భారత పురావస్తు సర్వేక్షణ 1861లో గాని ఆరంభం కాలేదు. అంటే ఒక మున్సిఫు తన జీతంలోనుండి, తన తీరికలోనుండి చేసిన పని ప్రభుత్వ శాఖకన్న ముందు నడిచింది. ఈ ఘనతను తగ్గించి చెప్పడం అన్యాయం. తేదీ తెలియని మసీదు, శాసనం నకలు లేని సమాధి కాలం చేతిలో ఎంత సులువుగా మాయమవుతాయో 1857 తరువాత ఢిల్లీ కళ్ళారా చూసింది. రెండవ కూర్పు ఆ రీతిగా ఒక సాక్ష్యపత్రం.

అయితే సాక్ష్యపత్రం తయారుచేయడంలో జరిగిన నష్టాన్ని కూడా లెక్కపెట్టాలి. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ) దర్గా ఆవరణను తీసుకుంటే విషయం తేటపడుతుంది. హజ్రత్ వారు 1325లో పరమపదించారు. ప్రియశిష్యుడు అమీర్ ఖుస్రో సమాధి అక్కడే ఉంది. జమాఅత్ ఖానా మసీదు ఖిల్జీల నాటిది. షాజహాను కుమార్తె జహానారా 1681లోను, మొగల్ పాదుషా మహమ్మద్ షా 1748లోను అక్కడే నిద్రించారు. యాత్రికుడు మొదట ఖుస్రో సన్నిధిలో నిలిచి, ఆపైన గురువు సన్నిధికి పోవడం అక్కడి మర్యాద. ఆ రెండు సమాధుల నడుమ ఉన్న నాలుగడుగులలో గురుశిష్య సంబంధమంతా ఉంది. కాలక్రమంలో కట్టడాలు అమర్చిన పుస్తకంలో ఈ ఆవరణ ముక్కలు కాక తప్పదు. ఖిల్జీ నాటిది ఒకచోటికి, తుగ్లకు నాటిది మరొకచోటికి, మొగలుల నాటివి పుటల అవతలికి పోతాయి. ప్రతి ముక్కకూ తేదీ దొరికింది. ముక్కలను కలిపి ఉంచిన నడక దొరకలేదు. ఎవరి పాదాల దగ్గర చోటు కోసం రాజకుమార్తెలు, పాదుషాలు ఆశపడ్డారో ఆ విషయం పట్టికలో కనిపించదు.

రెండవ అభ్యంతరం పేర్లకు సంబంధించినది. కుతుబ్ మీనారు పక్కనున్న ఢిల్లీ ప్రథమ జామె మసీదును నేడు లోకమంతా ‘కువ్వతుల్ ఇస్లాం’, అనగా ఇస్లాం బలం, అని వ్యవహరిస్తుంది. కాని ఆ కట్టడం మీది శాసనాలలో ఆ పేరు లేదని, దానికి ఆ పేరు కనిపించే తొలి ఆధారాలలో సయ్యద్ గ్రంథమే ముఖ్యమైనదని చరిత్రకారుడు సునీల్ కుమార్ చూపారు. 13వ శతాబ్ది చరిత్రకారుడు మిన్‌హాజుస్సిరాజ్ జూజ్‌జానీ ఢిల్లీ నగరాన్ని పేర్కొన్నది ‘కుబ్బతుల్ ఇస్లాం’ అని. కుబ్బ అంటే గుమ్మటం. మంగోలుల దాడులకు తాళలేక బుఖారా, సమర్ఖందుల నుండి తరలివచ్చిన ఆలిములకు, శరణార్థులకు నీడనిచ్చిన గొడుగు అన్న ధ్వని అందులో ఉంది. అరబీ లిపిలో కుబ్బ, కువ్వ అన్న మాటలకు తేడా ఎంతో లేదు. కాని అర్థంలో తేడా భూమ్యాకాశాలంత. నీడ అన్నచోట బలం అని చదివితే, ఆశ్రయం ఇచ్చిన నగరం కాస్తా జయించినవాడి గర్వచిహ్నంగా మారిపోతుంది.

ఆ మసీదు తూర్పు ద్వారం మీది శాసనంలో 27 ఆలయాల సామగ్రి వాడినట్లు స్పష్టంగా ఉంది. సయ్యద్ ఆ విషయం దాచలేదు, దాచవలసినదీ కాదు. చరిత్రలో జరిగినది జరిగినట్లు చెప్పడం ఆయన నిజాయితీ. మీనారు మొదటి అంతస్తు పృథ్వీరాజు కాలపుదని కూడా ఆయన వాదించారు. కన్నింగ్‌హామ్ దీనిని ఖండించారు. కన్నింగ్‌హామ్ కింద పనిచేసిన బెగ్లర్ మాత్రం హిందూ నిర్మాణమన్న పక్షాన్నే సమర్థించారు. ఈనాడు పండితులు సయ్యద్ వాదాన్ని అంగీకరించరు. అయినా తన మతస్థుల కీర్తి తగ్గుతుందన్న జంకు లేకుండా, తనకు సత్యమని తోచినదాన్ని వ్రాసిన ఆ ధైర్యం గమనార్హమైనది. విచారమేమంటే ఒక కట్టడాన్ని గూర్చి ‘మొదట ఎవరిది’ అన్న ప్రశ్నే అంతిమ ప్రశ్న అనే అలవాటు ఈ పద్ధతిలోనుండే బలపడింది. అక్కడి ఆలయాలను పునరుద్ధరించాలని 2020లో ఢిల్లీలో దావా పడింది. 2021లో దిగువ న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ఎనిమిది వందల సంవత్సరాలలో ఆ ఆవరణలోకి వచ్చిపోయినవారి అడుగులకు అటువంటి వాదంలో తావు లేదు. ఆది ఒక్కటే లెక్కకు వస్తుంది.

నాల్గవ అధ్యాయం ఎందుకు తొలగింది అన్నదానికి లండన్ పండితుల అభిరుచి ఒక్కటే కారణం కాకపోవచ్చు. గ్రంథకర్త హృదయంలోనే అప్పటికి ఒక మథనం సాగుతున్నది. 1849లో ‘కలిమతుల్ హఖ్’ పేర పీరీమురీదీ ఆచారాలను విమర్శించారు. 1850లో ‘రాహె సున్నత్ దర్ రద్దె బిద్అత్’ పేర మతంలో చొరబడిన కొత్త ఆచారాలను ఖండించారు. ఉర్సులు, సమాధులపై చాదర్లు, మొక్కుబడులు చూసి కలతపడిన సంస్కర్త కలం, ఆ ఉర్సులనే ముచ్చటగా వర్ణించిన పాత అధ్యాయాన్ని తిరిగి వ్రాయడానికి ఇష్టపడకపోవడంలో వింత లేదు.

ఇక్కడ ధర్మశాస్త్రపు మాట ఒకటి చెప్పుకోవాలి. సమాధులపై గుమ్మటాలు కట్టడాన్ని, వాటిని ఆరాధనా స్థలాలు చేయడాన్ని వారించే హదీసులున్నాయి. పుణ్యాపేక్షతో ప్రయాణం కట్టవలసినవి మూడు మస్జిదులేనన్న హదీసు కూడా ఉంది. మరణాన్ని, పరలోకాన్ని గుర్తు చేస్తాయి గనుక సమాధులను సందర్శించవచ్చునన్న అనుమతీ హదీసులోనే ఉంది. ఈ రెండు కొసల నడుమ ఆలిముల అభిప్రాయాలు శతాబ్దాలుగా భిన్నంగా ఉన్నాయి. ఏ పక్షంవారికైనా తమ దృఢ విశ్వాసాన్ని చెప్పే హక్కు ఉంది. కాని ఆచారాన్ని తప్పని చెప్పడం వేరు, ఆ ఆచారం పాటించిన మనుషులను గ్రంథంలోనుండి తీసివేయడం వేరు. మొదటిది సంస్కరణ. రెండవది విస్మృతి. రెండవ కూర్పులో నాల్గవ అధ్యాయంతోపాటు సూఫీలు మాత్రమే పోలేదు; హదీసు బోధకులు, హకీములు, లేఖకులు కూడా పోయారు. సున్నత్ కోసం పాటుపడినవారి పేర్లు కూడా ఆ పుటలతోపాటే పోయాయి.

ఆ తరువాత మూడేళ్ళకే 1857 వచ్చింది. సహ్‌బాయీ బ్రిటిష్ సైనికుల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. నగరం నుండి ముస్లిములను వెళ్ళగొట్టారు. జామె మసీదు సైన్యం వశమై 1862లో గాని తిరిగి రాలేదు. ఫతేపురీ మసీదును వేలం వేయగా లాలా చున్నామల్ కొన్నారు. ముస్లిములకు అది 1877లో తిరిగి దక్కింది. అక్బరాబాదీ మసీదును మాత్రం నేలమట్టం చేశారు.

అక్బరాబాదీ మసీదు కథ ఈ చర్చకంతటికీ ఆయువుపట్టు వంటిది. షాజహాను భార్య అక్బరాబాదీ మహల్ దీనిని 1650లో కట్టించింది. షా వలీయుల్లాహ్ (రహ్మ) కుమారుడు షా అబ్దుల్ ఖాదిర్ (రహ్మ) ఇందులోని ఒక గదిలో దశాబ్దాల తరబడి నివసించి బోధన సాగించారు. దివ్య ఖుర్ఆన్‌కు ఉర్దూలో ఆయన చేసిన అనువాదం ‘మూజిహుల్ ఖుర్ఆన్’ అక్కడే, 18వ శతాబ్ది చివర పూర్తయింది. ఉపఖండపు భాషలలో తరువాత వచ్చిన ఖుర్ఆన్ అనువాదకులలో చాలామంది ఆ గ్రంథానికి ఋణపడినవారే. నేడు ఆ మసీదు రూపురేఖలు తెలుసుకోవాలంటే సయ్యద్ గ్రంథమే ముఖ్యాధారం. 2012లో సుభాష్ పార్కు వద్ద మెట్రో పనులలో పాతగోడలు బయటపడినప్పుడు, అవి ఆ మసీదువేనన్న వాదం లేచి న్యాయస్థానం దాకా పోయింది. గోడ ఎవరిది, నేల ఎవరిది అని వాదోపవాదాలు సాగాయి. ఆ గదిలో జరిగిన పని మాట ఎక్కువగా వినిపించలేదు. మసీదు కూలినా షా అబ్దుల్ ఖాదిర్ అనువాదం నిలిచి ఉంది. జాడ అంటే ఇదీ జాడే. రెండవ కూర్పును మాత్రమే చదివినవాడికి కట్టడపు కాలం తెలుస్తుంది. అది ఎందుకు విలువైనదో తెలియాలంటే నాల్గవ అధ్యాయం వంటిది ఒకటి ఉండి తీరాలి.

తరువాతి శాసనాలు రెండవ కూర్పు మార్గాన్నే అనుసరించాయి. 1904 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 1958 నాటి చట్టం కట్టడాన్ని వస్తువుగా చూశాయి. రక్షణలోకి వచ్చిన ఆరాధనా స్థలాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడరాదని 1958 చట్టంలోని పదహారవ సెక్షను చెబుతున్నది. ఇది మంచి నియమమే. కాని రక్షణలోకి వచ్చిననాడు ప్రార్థన జరగని చోట తిరిగి ప్రార్థనకు అనుమతి లేదన్నది పురావస్తు శాఖ విధానం. మసీదు స్వభావం ఆ ఒక్కనాటి పరిస్థితిని బట్టి నిర్ణయమైపోతుందన్నమాట. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం, రక్షిత కట్టడంగా ఉన్నదానిని వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే ఆ ప్రకటన చెల్లదన్న నిబంధన చేర్చింది. ఒకే కట్టడం దేశానికి వారసత్వమూ, అల్లాహ్ పేర అంకితమైన వక్ఫూ కాగలదన్న భావన దీనితో మరింత ఇరుకున పడింది. ఈ భయం వల్లనే కావచ్చు, ఢిల్లీ జామె మసీదును రక్షిత కట్టడంగా ప్రకటించడం లేదని 2004లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ షాహీ ఇమాంకు లిఖితపూర్వకంగా తెలిపారు. పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తూనే వచ్చింది. ప్రార్థన సాగుతూనే ఉంది.

ముస్లిముల వైపు లోపం కూడా లేకపోలేదు. వక్ఫ్ కనుక తమ ఇష్టమని పాత శాసనాలపై సున్నం పూయడం, నగిషీ రాతిని తీసి కొత్త పలకలు వేయడం, ప్రాచీన సమాధి నానుకుని దుకాణాలు కట్టడం చాలా ఊళ్ళలో కనిపించే దృశ్యమే. మొదటి కూర్పు భక్తి మాత్రమే ఉండి రెండవ కూర్పు శాస్త్రం లేకపోతే జరిగేది ఇదే. అక్షరాన్ని చెరిపివేసే భక్తి, మనిషిని చెరిపివేసే శాస్త్రం — రెండూ జాడలను పోగొట్టేవే.

రెండింటినీ కలిపిన ప్రయత్నాలు దేశంలో లేకపోలేదు. 1948 జనవరిలో గాంధీజీ తన చివరి నిరాహారదీక్ష విరమణకు పెట్టిన షరతులలో ఒకటి, మహ్‌రౌలీలోని ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ (రహ్మ) ఉర్సును ముస్లిములు నిర్భయంగా జరుపుకోగలగాలన్నది. అల్లర్లలో ఆ దర్గా రాతిజాలీలు పగిలాయి. ఆయన కోరినది జాలీల మరమ్మతు మాత్రమే కాదు, అక్కడికి జనం తిరిగి నడిచి రావడం. జనవరి 27న ఆయన స్వయంగా ఆ దర్గాకు వెళ్ళారు. అదే మహ్‌రౌలీలో పూల విసనకర్రలను ఒకనాడు యోగమాయ ఆలయంలోను, మరొకనాడు దర్గాలోను సమర్పించే ‘ఫూల్‌వాలోఁకీ సైర్’ ఉత్సవం 1942లో నిలిచిపోగా, 1960ల ఆరంభంలో నెహ్రూ ప్రోత్సాహంతో తిరిగి మొదలైంది. 2007లో ఆరంభమైన నిజాముద్దీన్ బస్తీ పునరుజ్జీవన కార్యక్రమంలో ప్రాచీన బావలీ బాగుచేతతోపాటు అక్కడివారి బడి, వైద్యశాల కూడా బాగుపడ్డాయి.

దక్కనుకు ఈ గ్రంథ సంప్రదాయం ఒక ఢిల్లీవాసి ద్వారానే చేరింది. 1885లో ఢిల్లీలో పుట్టిన గులాం యజ్దానీ, 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు దాని అధిపతిగా వచ్చి 1943 దాకా పనిచేశారు. అజంతా చిత్రాల రక్షణకు ఇటలీ నిపుణులను రప్పించినది, పాలంపేట రామప్ప గుడిపై 1922లో ప్రత్యేక గ్రంథం వెలువరించినది ఆయనే. 1947లో వచ్చిన బీదరు గ్రంథంలో ఆయన కొలతలు, శాసనాలు, తేదీలు ఇవ్వడంలో సయ్యద్ రెండవ కూర్పును మించిపోయారు. కాని అష్టూరులోని అహ్మద్ షా వలీ బహమనీ సమాధి దగ్గరికి వచ్చేసరికి, ఏటా జరిగే ఉర్సుకు జంగమస్వామి తన పరివారంతో తరలివచ్చే విధానాన్ని కూడా వ్రాశారు. గుమ్మటం లోపలి వర్ణచిత్రాలెంతో, ఆ జంగమయ్య రాక కూడా అంతే ఆ కట్టడంలో భాగమని ఆయనకు తెలుసు. సయ్యద్ తొలగించిన అధ్యాయం మరొక రూపంలో ఇక్కడ తిరిగి వచ్చిందనవచ్చు.

తెలుగునాట యాత్రాస్థలాలకు ఇట్టి దృష్టి మరింత అవసరం. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా వద్ద ముహర్రం మాసంలో కులమత భేదం లేకుండా జనం రొట్టెలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ దర్గా శిల్పాన్ని చూసి ఏ శాస్త్రజ్ఞుడూ ఆశ్చర్యపోడు. కట్టడాల జాబితా ప్రకారం దానికి దక్కే చోటు చిన్నది. అడుగుల లెక్కన చూస్తే అటువంటి చోటు దేశంలో అరుదు.

సయ్యద్ గ్రంథపు మొదటి రూపాన్ని గూర్చి గాలిబును తలచకుండా ముగించడం కుదరదు. 1855లో సయ్యద్ ‘ఆయీనె అక్బరీ’ని పరిష్కరించి ప్రశంస వ్రాయమని గాలిబును కోరగా, ఆ మహాకవి పారసీక పద్యాలలో చచ్చిన కాలపు విధానాలను మోయడం దేనికని ఎత్తిపొడిచి, కొత్త యుగపు వింతలవైపు చూడమన్నారు. సయ్యద్ ఆ ప్రశంసను గ్రంథంలో చేర్చలేదు. గాలిబు మాటలో సగం సత్యం ఉంది. గతాన్ని గతంగానే మోస్తే అది శవమే. కాని మస్జిదు, దర్గా, పుణ్యక్షేత్రం అట్టి గతం కావు. ఈ ఉదయం కూడా అక్కడ ఎవరో వుజూ చేసుకున్నారు, ఎవరో బిడ్డను మోసుకొచ్చారు, ఎవరో చీపురు పట్టి ముంగిలి ఊడ్చారు. వారు వచ్చినంతకాలం ఆ రాయి ప్రాచీనమే గాని మృతం కాదు.

‘ఆసారుస్సనాదీద్’కు 2018లో రాణా సఫ్వీ ఆంగ్లానువాదం వెలువడింది. గ్రంథం కొత్త చదువరుల చేతికి వచ్చిన ఈ కాలంలో దానిపై ఇవ్వదగిన తీర్పు ఇది: సయ్యద్ అహ్మద్ ఖాన్ మొదటి కూర్పులో పొరపాట్లు చేసి గొప్ప పని తలపెట్టారు, రెండవ కూర్పులో పొరపాట్లు దిద్ది, తలపెట్టినదాన్ని తగ్గించుకున్నారు. దేశవారసత్వం పేర నేడు సాగే పనికి రెండవ కూర్పు క్రమశిక్షణ కావాలి. కాని ఆ జాబితా చివర మనుషుల అధ్యాయాన్ని తిరిగి చేర్చవలసిన బాధ్యత మిగిలే ఉంది. అది చేరనంతవరకు కట్టడాల కాలనిర్ణయం జరుగుతుంది గాని, బనూ సలిమావారు దూరపు ఇళ్ళనుండి నడిచి వచ్చిన అడుగుల వంటివి లెక్కలోకి రావు. యాసీన్ సూరా ప్రకారం అవి మరొక చోట లిఖించబడుతూనే ఉంటాయి. మానవులు వ్రాసే గ్రంథాలు కూడా ఆ లేఖనానికి వీలైనంత దగ్గరగా ఉండడం న్యాయం.